గుర్రాల లెక్క: నమ్మకమా, కొలతా?

కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాళ్లను చూసి మనం నవ్వుతాం. తొమ్మిది అంకె కోసం రవాణా శాఖ వేలంలో లక్షలు పోసేవాళ్లను చూసి జాలిపడతాం. బాగానే ఉంది. కానీ అదే కారుకి వేల రూపాయల ఎయిర్ ఫిల్టరు బిగించి "పికప్పు అమాంతం పెరిగిపోయింది" అని ఎవరైనా అంటే మాత్రం "అవునా, ఎక్కడ దొరుకుతుంది?" అని అడుగుతాం. నిమ్మకాయ మూఢనమ్మకం, ఫిల్టరు ఇంజనీరింగు అనుకుంటాం. ఎందుకని? ఫిల్టరు ఇనుముతో, గుడ్డతో, నూనెతో చేసినదనా? ఏది దేనితో తయారైందన్నది హేతువాదికి ప్రశ్న కాదు. చెప్పినమాట నిజమని తేల్చినది ఎవరు, ఎలా తేల్చారు అన్నదే ప్రశ్న.

ఈ వ్యాసంలో రెండు విషయాలు రాయదలిచాను. ఒకటి, పాత కార్లను ముద్దుగా చూసుకుంటూ, వాటికి హంగులు చేయించే మా బోటివాళ్లలో పేరుకుపోయిన నమ్మకాల గురించి. రెండు, ఆ కార్లను వయసు చూసి రోడ్డు మీంచి తప్పించే నియమం గురించి. రెంటికీ సంబంధం ఏమిటంటారా? రెండుచోట్లా కొలవాల్సినదాన్ని కొలవడం లేదు. అదే సంబంధం.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే గట్టున కూర్చుని మాట్లాడుతున్నాడంటారు. నేను ఘాజియాబాద్ ఇందిరాపురంలో ఉంటాను. నా కారు 2013 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. చిన్న కారుకి పెద్ద గుండె పెడితే దాన్ని హాట్ హ్యాచ్ అంటారు. మన దేశంలో ఆ మాటకి మొదట బాగా తగినది 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6. వంద హార్స్‌పవర్ ఇంజను, టర్బో లేదు, పెట్రోలు మాత్రం తాగేస్తుంది. ఆ తరవాత పన్నెండేళ్లకి వచ్చిన పోలో జీటీకి 1.2 లీటర్ల ఇంజనే, కానీ టర్బో ఉంది, 105 పీఎస్, ఏడు గేర్ల డీఎస్‌జీ. కంపెనీ లెక్క ప్రకారం సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 9.7 సెకన్లు. ఇవాళ్టి కార్లతో పోలిస్తే ఇది పెద్ద వేగం కాదు. ఆ రోజుల్లో ఆ ధరకి అది విడ్డూరమే.

ఢిల్లీ చుట్టుపక్కల ఇలాంటి కార్లున్నవాళ్లం ఆదివారం పొద్దున్నే టీ దగ్గర కలుస్తుంటాం. మాలో పంజాబీలు, బెంగాలీలు, మలయాళీలు, నాలాంటి తెలుగువాళ్లు నలుగురు. చర్చ ఎప్పుడూ ఒకటే. ఎవడి కారు ఎంత లాగుతుంది, దేనికి ఏం బిగిస్తే ఎన్ని గుర్రాలు పెరుగుతాయి. దేవుడున్నాడా లేడా అనే చర్చ కన్నా వేడిగా సాగుతుంది. సాక్ష్యం విషయంలో మాత్రం రెండు చర్చలకీ పెద్ద తేడా లేదు!

గ్యారేజీ దేవుళ్లు

కరోల్ బాగ్ యాక్సెసరీల బజారులోనో, కశ్మీరీ గేటు స్పేరుపార్టుల గల్లీల్లోనో గంటసేపు తిరగండి. మన తీర్థక్షేత్రాల్లో తాయెత్తులమ్మే దుకాణాలు గుర్తొస్తాయి.

పెట్రోలు పైపుకి చుట్టే అయస్కాంతం ఉంది. పెట్రోలు అణువులను అది వరసలో నిలబెడుతుందట, దాంతో బాగా మండుతుందట. పెట్రోలు అయస్కాంతానికి లొంగే పదార్థం కాదు. పైగా సరిగా ఉన్న ఆధునిక ఇంజనులో పెట్రోలు దాదాపు అంతా ఇప్పటికే మండిపోతోంది. మండకుండా మిగిలితే కదా, ఇంకా మండించి లాభం పొందడానికి! అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటి ఇంధనం ఆదా పరికరాలను వందకు పైగా పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచే సరుకు ఒక్కటీ దొరకలేదని చెప్పింది. అయినా అయస్కాంతం అమ్ముడవుతూనే ఉంది.

టైర్లలో నైట్రోజన్ ఉంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉందని తొమ్మిదో తరగతి పిల్లవాడికి తెలుసు. మిగతా 22 శాతానికి డబ్బులిచ్చి, "బండి తేలికైంది" అంటారు. టైరులో గాలి సరిగా ఉందో లేదో నెలకోసారి చూసుకుంటే చాలు, అది ఏ గాలైనా సరే.

ఖరీదైన పెట్రోలు ఉంది. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇందులో కొంత నిజముంది. ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలులో ఎక్కువ శక్తి ఉండదు. అది ఒత్తిడికి తొందరపడి తనంతట తాను అంటుకోకుండా తట్టుకుంటుంది, అంతే. టర్బో ఇంజనులో నాక్ సెన్సరు ఉంటుంది. తక్కువ ఆక్టేన్ పోస్తే అది మంట వేళను వెనక్కి జరుపుతుంది, బలం కొంచెం తగ్గుతుంది. కనుక నా పోలోకి ఆ పెట్రోలు వల్ల ఎంతో కొంత తేడా రావచ్చు. పాత మారుతి 800కి పోస్తే పంపువాడికే లాభం. ఒకే వాదన ఒక కారు విషయంలో నిజమై ఇంకో కారు విషయంలో అబద్ధం కావచ్చు. అందుకే "పనిచేస్తుందా?" అని అడిగితే చాలదు. "దేనికి, ఎంత?" అని కూడా అడగాలి.

ఇథనాల్ గొడవ కూడా ఇలాంటిదే. 2025లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతా వచ్చాక మా టీకొట్టు దగ్గర ఒకాయన మైలేజీ సగానికి పడిపోయిందన్నాడు. ఇంకొకాయన అసలేమీ తగ్గలేదన్నాడు. కాగితం మీద లెక్క చూడండి. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 ఉంటుంది. అంటే మూడోవంతు తక్కువ. అది అయిదోవంతు కలిసింది. కనుక లీటరుకి శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. సగం తగ్గిందన్నవాడి కారులో వేరే రోగం ఏదో ఉంది. ఏమీ తగ్గలేదన్నవాడు కొలవలేదు.

సీటు కింద మీటరు లేదు

"నువ్వెన్ని లెక్కలైనా చెప్పు గురూ, నడిపితే నాకు తెలుస్తోంది కదా!" అంటాడు నా మిత్రుడు. ఆయన గుంటూరు జిల్లావాడు, ఇరవై ఏళ్లుగా నోయిడాలో ఉంటున్నాడు, చాలాకాలం పాలియో 1.6 నడిపాడు. ఈ మాట మనకి కొత్తదా? "నువ్వెన్ని చెప్పు, తాయెత్తు కట్టాక జ్వరం తగ్గింది కదా!" అన్న మాటకీ దీనికీ తేడా ఏముంది?

శరీరం అబద్ధం చెబుతుందని నేననను. అది వేరే సంగతి చెబుతుంది. సైలెన్సరు మారిస్తే చప్పుడు పెరుగుతుంది. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టనిపిస్తుంది. యాక్సిలరేటరు దగ్గర బిగించే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలున్నాయి. అవి పావువంతు తొక్కితే సగం తొక్కినట్టు ఇంజనుకి చెబుతాయి. పూర్తిగా తొక్కినప్పుడు ఇంజను ఇచ్చేది మాత్రం ఎప్పటి బలమే. అయినా కారు "మేల్కొంది" అంటారు. డబ్బు ఖర్చయింది, వారం రోజులు ఎదురుచూశాం, స్నేహితులు చూస్తున్నారు. తేడా కనిపించి తీరాలి! బాబాల దర్బారులో గుడ్డివాడికి చూపొచ్చినట్టనిపించేది కూడా ఇలాగే.

వీటన్నిటికన్నా పెద్ద మోసగాడు ఢిల్లీ వాతావరణం. జనవరి పొద్దున ఇక్కడ 5 డిగ్రీలుంటుంది, జూన్ మధ్యాహ్నం 45. కెల్విన్‌లో చూస్తే 278, 318. అదే పీడనం దగ్గర చలికాలపు గాలి 14 శాతం చిక్కన. ఇంజను బతికేది గాలి మీద. జూన్‌లో ఫిల్టరు కొని, దసరా దాటాక బిగించి, డిసెంబరులో "అబ్బ, ఏం లాగుతోంది!" అనేవాడు ఫిల్టరుని కాదు, హిమాలయాల మీంచి వచ్చే గాలిని పొగుడుతున్నాడు. మా వాళ్లు చెప్పుకునే లాభాల్లో చాలావరకు ఈ 14 శాతం లోపలే ఉంటాయి.

డైనో కాగితం చూపిస్తే కూడా వెంటనే దండం పెట్టకండి. డైనో అంటే కారు చక్రాలను రోలర్ల మీద తిప్పి బలం లెక్కగట్టే యంత్రం. చక్రాల దగ్గర కొలిచినదానికి, కంపెనీ చెప్పే ఇంజను లెక్కకి మధ్య గేరుబాక్సు తినేసే వాటా ఉంటుంది. ఆ వాటా ఎంత అని తనిష్టం వచ్చిన శాతం వేసుకునేవాడు కావలసినన్ని గుర్రాలు పుట్టించగలడు. ఉష్ణోగ్రత సవరణలో కూడా అంతే. నా కారు ఈసీయూ రీమ్యాప్ చేయించాలనుకున్నప్పుడు మొదట కలిసిన ట్యూనరు నాకు "తరవాత" కాగితమొక్కటే ఇస్తానన్నాడు. "ముందు" కాగితం ఏదయ్యా అంటే "కంపెనీ వెబ్‌సైట్లో ఉంది కదా సార్" అన్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాను. ఒకే రోజు, ఒకే యంత్రం మీద, ముందు ఒకసారి, తరవాత ఒకసారి కొలిచి ఇచ్చేవాడిని వెతుక్కోవడానికి నాలుగు నెలలు పట్టింది. అక్కడ నిజంగా తేడా కనిపించింది, సుమారు అయిదోవంతు. టర్బో ఇంజనుకి గాలి ఒత్తిడి పెంచితే బలం పెరగడంలో మహిమేమీ లేదు. అది భౌతికశాస్త్రమే.

ఎనిమిది చక్కర్లు

ఫిల్టరు విషయంలో మా మిత్రుడితో వాదన తెగలేదు. కోవూర్ గారు 1963లో లక్ష రూపాయల సవాలు విసిరారు. మేము ఒక పూట భోజనం పందెం వేసుకున్నాం. పద్ధతి రొనాల్డ్ ఫిషర్‌ది. టీలో ముందు పాలు పోశారో, డికాక్షన్ పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒకావిడని పరీక్షించడానికి ఎనిమిది కప్పుల ప్రయోగం గురించి ఆయన 1935 నాటి పుస్తకంలో రాశారు. మావి కప్పులు కావు, చక్కర్లు. నాలుగు చక్కర్లు కంపెనీ ఫిల్టరుతో, నాలుగు ఖరీదైన ఫిల్టరుతో. ఏది ఎప్పుడన్నది చీటీలు తీసి నిర్ణయించాం. బానెట్ మూసి ఉంటుంది, ఫిల్టరు మార్చేటప్పుడు ఆయన దూరంగా, అటు తిరిగి నిలబడతాడు. ఫిల్టరు మార్చినా మార్చకపోయినా బానెట్ ప్రతిసారీ తెరిచి అంతే సేపు చప్పుడు చేశాం.

ఎనిమిదింటిలో నాలుగింటిని ఎంచుకునే దారులు 70. అంటే గుడ్డిగా చెప్పి అన్నీ ఒప్పయ్యే అవకాశం డెబ్భైలో ఒకటి. ఆయన నాలుగు ఒప్పు చెప్పాడు, నాలుగు తప్పు చెప్పాడు. నాణెం ఎగరేసినా సరిగ్గా అంతే వచ్చేది. ఒక్క ప్రయోగంతో ఫిల్టరు శూన్యమని తేలిపోలేదు. చిన్న తేడా ఉండవచ్చు. కానీ "నడిపితే తెలుస్తుంది" అన్నది తేలిపోయింది. తెలియదు. భోజనం ఆయనే పెట్టించాడు, ఆ ఫిల్టరు మాత్రం తీయలేదు. "బాగుంటుంది కదా, ఉండనీ" అన్నాడు. దానికి నాకు అభ్యంతరం లేదు. ఇష్టం వేరు, వాస్తవం వేరు. ఇష్టాన్ని ఇష్టమనే చెప్పుకుంటే గొడవే లేదు.

యంత్రాలు లేకపోయినా చాలా ప్రగల్భాలను పెన్సిలుతో కొలవచ్చు. మనిషితో కలిపి కారు బరువు 1200 కిలోలనుకోండి. వంద కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 27.8 మీటర్లు. గతిశక్తి సుమారు 463 కిలోజౌళ్లు. దాన్ని 9.7 సెకన్లలో ఇవ్వాలంటే సగటున 48 కిలోవాట్లు, అంటే 65 పీఎస్ కావాలి. 105 పీఎస్ ఇంజనుకి అది సబబుగా ఉంది. మిగతాది గేర్లు మారడంలో, గాలి నెట్టడంలో, టైర్లు జారడంలో పోతుంది. ఇప్పుడు ఒకాయన "ఫిల్టరు, సైలెన్సరు మార్చాక నా పోలో ఏడు సెకన్లలో వంద కొడుతోంది" అన్నాడు. అదే నిష్పత్తిన లెక్కవేస్తే ఆయన ఇంజను 145 పీఎస్ ఇవ్వాలి. సైలెన్సరు మారిస్తే నలభై గుర్రాలు పుట్టుకొచ్చాయా? అదే నిజమైతే ఫోక్స్‌వ్యాగన్ ఇంజనీర్లందరినీ తీసేసి కరోల్ బాగ్ నుంచి ఒక వెల్డరుని పెట్టుకోవచ్చు. తేలిక సైలెన్సరు వల్ల ఎనిమిది కిలోల బరువు తగ్గిందనుకున్నా, అది 1200లో ఒక శాతం కూడా కాదు. వంద వేగానికి ఆరువందల వంతు సెకను కాదు, సెకనులో నూటికి ఆరు వంతులు కలిసొస్తుంది. స్టాప్‌వాచీ నొక్కే బొటనవేలు అంతకంటే ఎక్కువ తప్పుతుంది.

పాలియో గొప్పదా, పోలో గొప్పదా అనే నిత్య కలహం కూడా సగం మాటల తికమకే. పోలో 175 న్యూటన్ మీటర్ల టార్క్‌ని 1500 ఆర్‌పీఎం నుంచి 4100 దాకా ఒకే తీరుగా ఇస్తుంది. అందుకే తొక్కగానే వీపు సీటుకి ఆనుతుంది. కానీ బలమంటే టార్క్‌ని ఇంజను తిరిగే వేగంతో హెచ్చవేయాలి. అదే 175, 1500 దగ్గర 37 పీఎస్, 4100 దగ్గర 102 పీఎస్. వీపుకి తగిలే దెబ్బ మొదటిదే, కారుని ముందుకి తోసేది రెండోది. పాలియోకి కింద దెబ్బ లేదు, పైకి పోనిస్తే పాడుతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వేర్వేరు ప్రశ్నలకు.

నన్నడిగితే, పాత హాట్ హ్యాచ్‌కి మొదట ఖర్చుపెట్టాల్సింది టైర్ల మీద, బ్రేకుల మీద. ఇందులో వైభవమేమీ లేదు, ఎవరూ ఫోటో తీసుకోరు. కానీ లెక్క చూడండి. రెండు కార్లు వంద వేగంతో పక్కపక్కన వస్తున్నాయి, ఒకే చోట బ్రేకు వేశాయి. మంచి టైర్లున్నది 0.9 జీ పట్టుతో సుమారు 44 మీటర్లలో ఆగింది. అరిగిన టైర్లున్నది 0.8 జీ పట్టుతో 49 మీటర్లకు గానీ ఆగదు. అయిదు మీటర్లే కదా అనకండి. మొదటిది పూర్తిగా ఆగిన చోట రెండోది ఇంకా 33 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటుంది. అక్కడొక మనిషి ఉంటే? గుర్రాల గురించి గంటలు మాట్లాడే మేము కళ్లేల గురించి పది నిమిషాలు మాట్లాడం.

వయసే నేరమా?

ఇక రెండో విషయం. మా గుంటూరు మిత్రుడి పాలియో ఇప్పుడు ఢిల్లీలో లేదు. అది 2003 బండి. పదిహేనేళ్లు దాటిన వాహనాలు ఢిల్లీ రోడ్ల మీద తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబరులో చెప్పింది. 2015 ఏప్రిల్‌లో పదేళ్లు దాటిన డీజిలు వాహనాలను కూడా చేర్చింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దీన్ని ఖరారు చేసి, రాజధాని ప్రాంతమంతటికీ అమలు చేయమంది. ఆయన ఎన్‌ఓసీ తీసుకుని కారుని లారీ మీద ఊరికి పంపించాడు. అక్కడ వాళ్ల తమ్ముడు నడుపుతున్నాడు. ఇక్కడ పొగ అయినది అక్కడ ఆవిరి అవుతుందా? గుంటూరు వాళ్లకి ఊపిరితిత్తులు లేవా? ఆ ఊపిరితిత్తుల గురించి ఎవరూ అడగలేదు.

కథ అక్కడితో ఆగలేదు. 2025 జూలై 1 నుంచి వయసు మీరిన బండ్లకు పెట్రోలు పోయవద్దన్నారు. పంపుల దగ్గర కెమెరాలు పెట్టారు. రెండు మూడు రోజుల్లోనే గగ్గోలు పుట్టి వాయిదా వేశారు. ఆగస్టులో సుప్రీంకోర్టు, వయసు ఒక్కదాన్నే చూసి యజమానుల మీద కఠిన చర్యలు వద్దంది. డిసెంబరులో ఆ మాటను సవరించి, ఆ రక్షణ బీఎస్-4, ఆపై ప్రమాణాల బండ్లకే అంది. ఢిల్లీలో బీఎస్-4 వచ్చింది 2010 ఏప్రిల్‌లో. నా పోలో బీఎస్-4. దానికి పదిహేనేళ్లు నిండేది 2028లో. అందాకా ఏ తీర్పు ఎటు తిరుగుతుందో చూడాలి.

ఇక్కడ మా టీకొట్టు మిత్రులందరూ ఒకే గొంతుతో "ఇది అశాస్త్రీయం! పొగ కొలవండి, వయసు కాదు!" అంటారు. ఆ మాట నాకూ ఇష్టమే. అందుకే దాన్ని రెండింతలు అనుమానించి చూడాలి. మనకి నచ్చిన వాదనని కూడా అవతలివాడి వాదనంత కఠినంగా పరీక్షించకపోతే మన హేతువాదానికి అర్థం లేదు.

మొదటిది, వయసుని ఆనవాలుగా తీసుకోవడం దానంతట అది అవివేకం కాదు. అన్నీ కొలవలేనప్పుడు ఆనవాలు పట్టుకుంటాం. ఓటు హక్కుకి పద్దెనిమిదేళ్లు పెట్టింది అందుకే కదా, పరిణతిని కొలిచే యంత్రం లేదు గనుక. పాత బండ్లు పాత ప్రమాణాలకు తయారైనవి. బీఎస్-3 పెట్రోలు కారుకి కిలోమీటరుకి 2.3 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ దాకా అనుమతి, బీఎస్-4కి 1 గ్రామే. నైట్రోజన్ ఆక్సైడ్లకి 0.15 నుంచి 0.08కి తగ్గించారు. ఢిల్లీ, గురుగ్రామ్ రోడ్ల మీద వెళ్లే బండ్ల పొగను రిమోట్ సెన్సింగ్‌తో లక్షకు పైగా సార్లు కొలిచిన అధ్యయనం 2024లో వెలువడింది. బీఎస్-6 కార్లు బీఎస్-4 కన్నా చాలా తక్కువ నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతున్నాయని అందులో తేలింది. అంటే నాలాంటివాడి కారు కొత్త కారుతో సమానం కాదు. ఇది నాకు రుచించని వాస్తవం, అయినా వాస్తవమే. అయితే అదే అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది. వాణిజ్య సీఎన్‌జీ బండ్లు "శుభ్రమైన ఇంధనం" అని పేరున్నా నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువగానే వదులుతున్నాయని. ఇంధనం పేరు చూసి, వయసు చూసి తీర్పిస్తే ఇలాంటివి కళ్లు కప్పుతాయి. కొలిస్తేనే బయటపడతాయి.

రెండోది ఇంకా ముఖ్యం. కొలవండి అంటున్నాం సరే, ఉన్న కొలతని మనం ఏం చేశాం? పీయూసీ పరీక్షలో పెట్రోలు కారుని నిలబెట్టి, బరువు లేకుండా ఇంజను తిప్పి, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లు చూడరు. పొడి కణాలు చూడరు. ఉన్న ఈ చిన్న పరీక్షైనా సక్రమంగా జరుగుతోందా? 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక, ఒకే కేంద్రంలో ఒకే సమయానికి ఒకటి కన్నా ఎక్కువ బండ్లకి సర్టిఫికెట్లిచ్చిన వైనాన్ని ఎత్తిచూపింది. ఆ సర్టిఫికెట్లు కొన్నది ఎవరు? ఆకాశం నుంచి ఊడిపడ్డారా?

మాలోనే ఎంతమంది "గాలి ఫ్రీగా ఆడాలి" అని క్యాటలిటిక్ కన్వర్టర్ కోసి పారేయలేదు! విషవాయువులను చాలావరకు విరిచి అపాయం తగ్గించే భాగం అది. దాన్ని తీసేసి ఖాళీ గొట్టం వెల్డింగు చేయించి, పీయూసీ మాత్రం తెలిసిన కుర్రాడి దగ్గర తెచ్చుకుంటారు. ఆ తరవాత టీకొట్టు దగ్గర నిలబడి "పొగ కొలవండి, వయసు కాదు" అంటారు. ఏ నోటితో? కొలతని అబద్ధం చేసింది మనమైతే, ప్రభుత్వానికి మిగిలింది లంచంతో మార్చలేని ఒకే ఒక అంకె, తయారైన సంవత్సరం. వయసు నియమం మొరటుదే. కానీ ఆ మొరటుతనంలో మా వాటా కూడా ఉంది.

చట్టం కూడా మా పక్షాన లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. పొగ, చప్పుడు ప్రమాణాలు దాటితే 190వ సెక్షన్ ఉంది. అర్ధరాత్రి ఇందిరాపురం ఫ్లైఓవరు మీద సైలెన్సరుతో తుపాకులు పేల్చేవాళ్ల వల్ల నిద్ర చెడిన ముసలాయనకి గుర్రాల లెక్క అక్కర్లేదు. ఆయనకి నిద్ర కావాలి.

నా కారు సంగతేమిటంటారా? కన్వర్టర్ కంపెనీదే, సైలెన్సరూ కంపెనీదే. రీమ్యాప్‌కి ముందూ తరవాతా పీయూసీ అంకెలు హద్దులోనే ఉన్నాయి. కానీ దాన్ని చూపించి "నాది శుభ్రమైన కారు" అని నేననను. నిలబెట్టి కొలిచిన అంకె, పూర్తిగా తొక్కినప్పటి సంగతి చెప్పదు. అందుకే రోలర్ల మీద బరువు పెట్టి కొలిచే పరీక్ష రావాలని ముందు నేనే కోరుతున్నాను.

ఇంతకీ నేను కోరేదేమిటి? ఏ ఏటి బండైనా సరే, పదేళ్లు దాటాక ఏటా ఇంజను మీద బరువు పెట్టి, నైట్రోజన్ ఆక్సైడ్లతో సహా కొలవండి. కన్వర్టర్ ఉందా, పనిచేస్తోందా కళ్లతో చూడండి. రోడ్డు పక్కన రిమోట్ సెన్సింగ్ పెట్టి, ఎక్కువ పొగ వదిలేదాన్ని వయసుతో పనిలేకుండా పిలిపించండి. ఖర్చు యజమానే భరించాలి. పాత కారు ముచ్చట మాది గనుక రుసుము మాదే. దొంగ సర్టిఫికెట్ ఇచ్చినవాడికీ, తీసుకున్నవాడికీ ఒకే శిక్ష పడాలి. ఇవన్నీ పెట్టాక నెగ్గిన బండిని వయసు పేరుతో మాయాపురి తుక్కుబజారుకి తోలకండి. ఓడిన బండిని, అది మూడేళ్లదైనా, నాదైనా, మంత్రిగారిదైనా, రోడ్డెక్కనీయకండి.

ఇందులో చివరి వాక్యమే అసలు పరీక్ష. కొలత కావాలనేవాడు ఓడినా ఒప్పుకోవడానికి సిద్ధపడాలి. ఫలితం తనకు అనుకూలమైతేనే కొలత కావాలనేవాడు హేతువాది కాదు, వకీలు. కోవూర్ సవాలుకి బాబాలు ముందుకు రాకపోవడానికి కారణం మనకి తెలుసు. ఓడితే పీఠం పోతుందని. మా మోడిఫికేషన్ మిత్రులు డైనోకి "ముందు" కాగితం అడగకపోవడానికీ, పొగ పరీక్షకి తెలిసిన కుర్రాడి దగ్గరికి పోవడానికీ కారణం కూడా అదే. ఓడితే ముచ్చట పోతుందని.

ముచ్చట పోదు. నేను హామీ ఇస్తాను. ఎన్ని గుర్రాలున్నాయో సరిగ్గా తెలిశాక కూడా ఆ చిన్న కారు మలుపు తిరిగేటప్పుడు మనసు అలాగే ఉప్పొంగుతుంది. ఇంద్రధనుస్సు ఎలా ఏర్పడుతుందో తెలిసినంత మాత్రాన దాని రంగులు వెలిసిపోయాయా?

కనుక మిత్రులారా, ఈసారి ఎవరైనా "పది గుర్రాలు పెరిగాయి" అంటే కాగితం అడగండి. "ముందు" కాగితం కూడా అడగండి. ఎవరైనా "పాతది గనుక విషం" అంటే అప్పుడూ కాగితం అడగండి. ఒక్కచోటే అడిగితే అది పక్షపాతం. రెండుచోట్లా అడగండి.